పోట్లాడాకే సంతకం

స్టోర్స్ పిన్ని ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"బాబూ, ముందే చెప్తున్నా. నేను ఇంతవరకు మూడు కంపెనీల్లో చేశాను. మూడూ మూతపడ్డాయి. మా వదిన నన్ను ఐరన్ లెగ్ అంటుంది. రేపు ఎవరో చెప్తే విని ఉలిక్కిపడేకంటే ఇవాళ నేను చెప్తే వినడం మంచిది కదా."

ఎదురుగా కూర్చున్న ఇద్దరు యజమానులూ మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లు బావా బావమరుదులు. పెద్దవాడు చిన్నవాడి అక్కని చేసుకున్నాడు. బావది అమ్మకాలు, బావమరిదిది తయారీ. పనివాళ్లంతా వాళ్లని బావ అనీ బావమరిది అనీ పిలుస్తారు, కాకపోతే వెనకాల.

"మూతలు పెట్టడంలో అంత అనుభవం ఉందా! మా పెట్టెకి వచ్చిన చిక్కంతా మూతతోనే. రేపే చేరండి," అన్నాడు బావ.

బావమరిది మాత్రం నవ్వలేదు. "స్టాకు లెక్క ఎన్నాళ్లకోసారి చూస్తారు?" అని అడిగాడు. "రోజూ," అంది పిన్ని. ఆ ఒక్క మాటకి అతను పడిపోయాడు. అలా చెరో కారణంతో ఇద్దరూ ఒకే మనిషిని ఒప్పుకున్నారు. ఆ కంపెనీ చరిత్రలో గొడవ లేకుండా తేలిపోయిన నిర్ణయం అదొక్కటే అని తర్వాత అందరూ చెప్పుకునేవారు.

వాళ్లు చేసేది చల్లపెట్టె. కరెంటు పోయినా మూడు రోజులపాటు లోపల చల్లదనం పోని పెట్టె. చిన్న చిన్న ఆసుపత్రులు మందులు పెట్టుకుంటాయి, చిన్న దుకాణాలు పాలు పెట్టుకుంటాయి. రేకుల షెడ్డు, ఒక పొడుగాటి బల్ల, పధ్నాలుగు మంది మనుషులు, మధ్యాహ్నం ఎండకి టపటపమనే పైకప్పు. షెడ్డు మూలన సామాన్ల గది. ఆ గదికి తలుపు పక్కన మనిషి తల, రెండు మోచేతులు పట్టేంత కిటికీ. కిటికీకి అవతల పిన్ని, ఇవతల ప్రపంచం.

ఆమె కిటికీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ కంపెనీ అంతా నడిచింది దాని దగ్గరే. కొత్త రకం సామాను ఏదైనా సరే, వాడకానికి బయటికి రావాలంటే చీటీ మీద ఇద్దరు యజమానుల సంతకాలూ ఉండాలి. అది వాళ్లు పెట్టుకున్న రూలే. కానీ ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. బావకి ఏదైనా తక్కువ ఖరీదులో, రేపటికల్లా కావాలి. బావమరిదికి ఏదైనా పదిసార్లు పరీక్షించి, వీలైతే వచ్చే ఏడాది కావాలి. పిన్ని చేరిన రెండో నెలలో ఫ్యాను మోటారు దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. పది అడుగుల దూరంలో నిలబడి పిన్నితో కబుర్లు పంపుకోవడం మొదలెట్టారు.

"మా బావకి చెప్పండి, ఆ మోటారు పెడితే పెట్టె కాదు, పిండిమర అవుతుందని."

"ఆ మహానుభావుడికి చెప్పండి, ఆయన మోటారు వచ్చేసరికి మనందరికీ జుట్టు నెరుస్తుందని."

నాలుగు రోజులు పిన్ని భరించింది. అయిదో రోజు చీటీ లాక్కుని బల్లమీద పెట్టి, "నేనేమన్నా పోస్టాఫీసునా? ఇద్దరూ ఇలా రండి," అంది. వచ్చారు. "బాబూ, నువ్వు మీ బావమరిది మాట చెప్పు. నీ మాట కాదు, అతని మాట. అతను 'అవును, నేననేది అదే' అన్నదాకా చెప్పు. తర్వాత అతను నీ మాట చెప్తాడు. నువ్వూ అవునన్నదాకా. అప్పుడు సంతకాలు. అంతవరకు మోటారు రాదు, నేను భోజనానికీ లేవను."

మొదటిసారి ఆ తంతు పొద్దున్న మొదలై మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. బావ ఎన్నిసార్లు చెప్పినా బావమరిది "అది కాదు నేనన్నది" అంటాడు. చివరికి ఎనిమిదోసారికి కాబోలు, బావ మోటారు వేడెక్కడం గురించి చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి, "ఒరేయ్, ఇది నిజమేరా!" అన్నాడు. ఈలోపు బావమరిది, గడువు దాటితే ఆసుపత్రివాళ్లు ఆర్డరు వెనక్కి తీసుకుంటారని బావ తరఫున వాదించి వాదించి తనే బెంబేలెత్తిపోయాడు. ఇంకేముంది, పక్షాలు మారి మళ్లీ పోట్లాట. ఈసారి బావ మంచి మోటారు కావాలంటాడు, బావమరిది రేపటికే కావాలంటాడు. పెట్టెలు బిగించే ఫిట్టరమ్మ నవ్వాపుకోలేక బల్లకింద కూర్చుంది. ఆ ఫిట్టరమ్మ నవ్వితే రేకులు అదురుతాయి, అందుకని బల్లకింద.

ఆ రోజు నుంచి అది ఆచారమైపోయింది. పెద్ద విషయమేదొచ్చినా, "పదండి కిటికీకి" అనుకోవడమే. దీన్ని యాజమాన్యం అనాలని ఎవరికీ తోచలేదు. పిన్నికి అసలే తోచలేదు. అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెడుతున్నాననే ఆమె అనుకుంది.

మూడో ఏడు ఒకేసారి నాలుగువందల పెట్టెలకి ఆర్డరొచ్చింది. షెడ్డులో ఆ పూట ఎవరి కాళ్లూ నేలమీద లేవు. మర్నాటికి దిగాయి, ఎందుకంటే నాలుగువందల పెట్టెలకి సామాను కొనాలంటే పెట్టుబడి కావాలి. అది దొరక్కపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే రెండు నెలల్లో షెడ్డుకి తాళం. పిన్నికి ఈ మాట ఎవరూ విడమరచి చెప్పలేదు. మూడుసార్లు చూసినావిడ, ఆమెకి వాసన చాలు. నాలుగోది కూడానా, అనుకుంది.

మొదటి పెట్టుబడి సంస్థవాళ్లు పెట్టెని మెచ్చుకున్నారు. పెట్టెలో చెయ్యి పెట్టి అబ్బా చల్లగా ఉందన్నారు. "కానీ మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు. రేపు ఇంట్లో తేడా వస్తే కంపెనీ ఏమవుతుంది?" అని వెళ్లిపోయారు. వాళ్ల తప్పూ కాదు. మనలాంటి చోట్ల కోర్టుకెళ్తే తీర్పు మనవల చేతికొస్తుంది. పాత రికార్డులు చూద్దామంటే ఇలాంటి కంపెనీలకి నిండా మూడేళ్లు ఉండవు. అందుకని డబ్బున్నవాళ్లు వస్తువుని కాసేపు చూసి, మనుషుల్ని చాలాసేపు చూస్తారు. పెట్టె చెడితే బాగుచేయొచ్చు, నడిపేవాళ్లు చెడితే ఏ ఫిట్టరు బాగుచేస్తాడు?

"బయటి మనిషి కావాలన్నమాట!" అన్నాడు బావ. ఆలోచన రావడమే తరువాయి, మర్నాడే ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చాడు. తెల్లటి జుట్టు, నీలం టై, ఏదో పెద్ద కంపెనీలో పెద్ద పదవి చేసి రిటైరైన మనిషి. చూస్తే ఎవరైనా లేచి నిలబడతారు. పెట్టుబడివాళ్లకి చూపించే స్లైడులో ఆయన ఫొటోని పైన పెట్టి కింద 'చైర్మన్' అని రాశారు. రెండో సంస్థవాళ్లు ఆయన్నే చూసి, మర్యాదగా ఆయన్నే అడిగారు. "ఈ పెట్టెలో ఎన్ని లీటర్లు పడతాయి సార్?"

పెద్దాయన టై సర్దుకుని, గంభీరంగా, "కావలసినన్ని," అన్నాడు.

రెండో సంస్థ కూడా వెళ్లిపోయింది. ఆ తర్వాత వారం రోజులు షెడ్డులో ఎవరేమడిగినా అదే జవాబు. మరలు ఎన్ని కావాలి? కావలసినన్ని. టీ ఎంతమందికి? కావలసినంతమందికి. మునిగిపోయే పడవలో కూడా మనవాళ్లకి నవ్వు ఆగదు.

ఇక మిగిలింది ఒక్క సంస్థ. అందులో ముఖ్యమైన మనిషి ఒకావిడ, మొహంలో సగం కళ్లద్దాలే. ఆఫీసులో స్లైడులు చూడనంది. "నేనే వస్తాను. ఒక రోజంతా మీతో ఉంటాను," అంది. బావకి సంతోషమూ భయమూ ఒకేసారి వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

టై పెద్దాయన, పోయిన పరువు నిలబెట్టుకోవాలనో ఏమో, శిక్షణ మొదలెట్టాడు. "పెట్టుబడిదారుల ముందు ఒకరి మాట ఒకరు కాదన్నారో, అయిపోయారు. ఐకమత్యం కనిపించాలి. ఐకమత్యం!" బావా బావమరుదులు ఒట్టేసుకున్నారు. ఆ రోజంతా ఒకరు తానా అంటే ఒకరు తందానా. రిహార్సల్ కూడా చేశారు. ఆయన ఏదడిగినా ఇద్దరూ గంగిరెద్దుల్లా తలలూపారు. బావమరిదికైతే మెడ పట్టేసింది.

"ఇంకొకటి. ఆ కిటికీ," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "యజమానులు స్టోర్సు కిటికీ ముందు నిలబడి కీచులాడుకోవడం ఆవిడ చూసిందంటే! మూయించండి. ఆ కిటికీ మనిషిని ఆ రోజుకి సెలవు తీసుకోమనండి."

పాపం బావే వచ్చి చెప్పాడు. నేల చూపులు చూస్తూ, "పిన్నీ, రేపొక్కరోజు మీరు... ఇంట్లో విశ్రాంతి తీసుకోకూడదూ?"

పిన్నికి ఒళ్లు మండింది, అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఐరన్ లెగ్ అని వదిన నవ్వుతూ అంటే నవ్వేసింది గానీ, అడగ్గానే ఉద్యోగమిచ్చిన చోటే గడప తొక్కొద్దంటే ఎలా తట్టుకుంటారు ఎవరైనా? "సెలవు తీసుకోను బాబూ. కావాలంటే కిటికీ మూసుకుని లోపల కూర్చుంటాను. రేపు అడిగిన మర అడిగిన నిమిషంలో దొరక్కపోతే అప్పుడు పోతుంది మీ ఐకమత్యం," అంది. బావ ఒప్పుకున్నాడు. కిటికీకి అడ్డంగా ప్లైవుడ్ చెక్క పెట్టి, దానిమీద మంచుకొండ బొమ్మ అంటించారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మొగుడు సంగతి విన్నాడు. సిటీ బస్సు డ్రైవరు ఆయన, ఏ విషయమైనా బస్సుతోనే చెప్తాడు. "మూడు బస్సులు ఆగిపోయాయి. మూడింట్లోనూ నువ్వున్నావు. నువ్వు నడిపావా? నువ్వు కండక్టరువి. ఆఖరి ప్రయాణికుడు దిగిందాకా ఉన్నావు. అది తప్పా?"

"తప్పు కాదు. కానీ బస్సు ఎటు పోతోందో ముందే కనబడేది కదా నాకు," అంది పిన్ని. ఆయన అన్నం వడ్డించమన్నాడు.

మర్నాడు కళ్లద్దాలావిడ పొద్దున్నే వచ్చేసింది. చెక్క వెనక చీకట్లో స్టూలుమీద కూర్చుని పిన్ని అంతా చెవులతోనే చూసింది.

"ధర ఇంకొంచెం తగ్గిస్తే?" ఆవిడ బావమరిదిని అడిగింది.

"మా బావ ఎంతంటే అంత."

"నాణ్యత విషయంలో ఎంతవరకు రాజీపడతారు?" బావని అడిగింది.

"మా బావమరిది ఎంతంటే అంత."

"మీ ఇద్దరికీ ఎప్పుడైనా అభిప్రాయభేదం వచ్చిందా?"

"ఎప్పుడూ లేదు!" ఇద్దరూ ఒకేసారి అన్నారు. షెడ్డు అవతలి మూల నుంచి ఒక చిన్న కీచుమన్న శబ్దం వచ్చింది. ఫిట్టరమ్మ బల్లకిందికి వెళ్లిందని పిన్నికి అర్థమైంది.

రెండు గంటలయ్యేసరికి ఆవిడ గొంతులో ఆసక్తి తగ్గిపోయింది. ప్రశ్నలు పొట్టివైపోయాయి. 'మంచిది', 'సరే', 'చూద్దాం'. పిన్నికి ఆ 'చూద్దాం' బాగా తెలుసు. తను అంతకుముందు చేసిన గొడుగుల కంపెనీకి ఆఖరి నెలలో వచ్చిన బ్యాంకువాళ్లు కూడా అదే అన్నారు.

అంతలో ఎవరో చెక్కమీద టకటక కొట్టారు. ఫిట్టరమ్మే. అలవాటుగా వచ్చేసింది. "పిన్నీ, మేడమ్ ముందు మూత బిగించి చూపించాలిట. కొత్తగా వచ్చిన మూత రబ్బరు ఇవ్వు."

కొత్త రబ్బరు బావ కొన్నది. పాతదానికంటే బాగా చవక. బావమరిది ఇంకా పరీక్షించలేదు. పిన్ని నోరు మూసుకుని ఇచ్చేసి ఉండాల్సింది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ముందు ఐకమత్యం ఎంత? "చీటీ ఏది? రెండు సంతకాలేవి?" అంది మంచుకొండ.

"ఆ గోడ మాట్లాడిందా?" అంది కళ్లద్దాలావిడ.

బావమరిది గబగబా ఒక చీటీ రాసి, "ఇదిగో, నీ ఇష్టం బావా, ముందు నువ్వు సంతకం పెట్టు," అన్నాడు. "అదేంట్రా, నీ ఇష్టమే నా ఇష్టం, నువ్వే పెట్టు," అన్నాడు బావ. "కాదు, నువ్వు." "అబ్బే, నువ్వు." పళ్లు కనబడేలా నవ్వుకుంటూ ఆ చీటీని అటూ ఇటూ నెట్టుకుంటున్నారు. ఎవరూ పెట్టరు. చవక రబ్బరుకి బావమరిది చచ్చినా పెట్టడు. ఖరీదైన రబ్బరుతో నాలుగువందల పెట్టెలు ఆ ధరకి ఇవ్వలేమని తెలిసి, దాన్నే వాడదామని బావా అనడు, తను ముందు పెడితే బావమరిది పెట్టనిది బయటపడుతుందని చవకదానికీ పెట్టడు. కాదని చెప్పేందుకేమో ఒట్టు అడ్డం. మింగలేక కక్కలేక ఆ నవ్వులు!

పిన్నికి సహనం చచ్చిపోయింది. ప్లైవుడ్ చెక్కని రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. మంచుకొండ ఢామ్మని కిందపడింది.

"చాలు బాబూ ఈ నాటకం! నేను మూడు చూశాను. బల్బుల కంపెనీలో అన్నదమ్ములు ఒకే గదిలో కూర్చుని నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఒకడు తెప్పించిన గాజు ఇంకొకడు వెనక్కి పంపేవాడు. గొడుగుల కంపెనీలో మాట్లాడేది ఒక్కడే. నలుగురు నిలబడేంత గొడుగు చేయిద్దామన్నాడు. అది పట్టుకుంటే మనిషి గాల్లో లేస్తాడండీ అనాల్సిన మేనేజరు, అద్భుతం సార్ అన్నాడు. అలాంటివి ఆరువేలు నా చేత్తో లెక్కపెట్టి గోడౌన్లో పెట్టా. సూదుల కంపెనీలో అయిదుగురు పెద్దమనుషులు. ఒకరి మాట ఒకరు కాదనడం మర్యాద కాదట. మర్యాదగానే మూసేశారు. ఇప్పుడు మీరు నవ్వుకుంటున్నారు చూడండి, ఆ నవ్వు నాకు తెలుసు. నాకు భయమేస్తోంది. పోట్లాడండి!"

పొద్దున్నుంచి వెంటే తిరుగుతున్న టై పెద్దాయన కుర్చీలో చతికిలపడ్డాడు. బావ ఆ కళ్లద్దాలావిడ వైపు చూశాడు, పిన్ని వైపు చూశాడు. తర్వాత ఊపిరి గట్టిగా పీల్చుకుని బావమరిది వైపు తిరిగాడు.

"అసలు ఆ రబ్బరులో నీకు కనబడ్డ లోపమేంట్రా?"

"కనబడాలంటే నన్ను చూడనిస్తేగా! వచ్చి మూడు రోజులు కాలేదు!"

ఆహా, ఏం పోట్లాట! పొద్దున్నుంచి బిగబట్టుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. రబ్బరు దగ్గర మొదలై, కిందటేడు మరలు, అంతకుముందేడు రంగులు, ఒకానొక పెళ్లికి ఆలస్యంగా వచ్చిన కారు దాకా పోయింది. "కారు సంగతి కిటికీకి సంబంధం లేదు," అని పిన్ని మధ్యలో కోసేసింది. "ఇప్పుడు మాటలు మార్చుకోండి."

బావ బావమరిది మాట చెప్పాడు. మందులున్న పెట్టె మూత కాస్త వదులైనా లోపల మందు పాడవుతుంది, పాడైనట్టు పైకి కనబడదు, ఎవరికో అదే ఇస్తారు. చెప్తూంటే బావ గొంతు దానంతటదే నెమ్మదించింది. "అవును, నేననేది అదే," అన్నాడు బావమరిది. తర్వాత అతని వంతు. ధర పెరిగితే చిన్న ఆసుపత్రి పెట్టె కొనదు, కొనకపోతే మందు బయటే ఉంటుంది, అప్పుడూ పాడయ్యేది అదే మందు. "అదేరా! అదే!" అని బావ ఎగిరినంత పని చేశాడు.

మందుల పెట్టెలకి పాత రబ్బరు, పాల పెట్టెలకి కొత్తది, అదీ పది రోజుల పరీక్షలో నిలబడితేనే. రెండు సంతకాలు పడ్డాయి. పిన్ని రబ్బరు తీసి ఇచ్చింది. అప్పుడు చూసుకుంటే, కళ్లద్దాలావిడ ఒక ఖాళీ పెట్టె బోర్లించుకుని దానిమీద కూర్చుని, చెంపకి చెయ్యి చేర్చుకుని చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో ఎవరికీ తెలియదు. ఫిట్టరమ్మ ఆవిడకి ఎప్పుడో టీ కూడా ఇచ్చేసింది.

ఆవిడ లేచి కిటికీ దగ్గరికొచ్చింది. "ఆ మూడు చోట్లా ఇదంతా మీకు ముందే కనబడిందా?"

"కనబడిందమ్మా."

"ఎవరికైనా చెప్పారా?"

పిన్ని తడబడింది. "ఎవరూ అడగలేదు. అడక్కుండా చెప్పడానికి నేనెవర్ని, సామాన్లు చూసుకునే మనిషిని."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అవి లేకపోతే మొహం చాలా చిన్నగా, అలసటగా ఉంది. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. 'చూద్దాం' అని కూడా అనలేదు. ఆ వారం షెడ్డులో ఎవరికీ తిండి సయించలేదు. టై పెద్దాయన అలిగి రావడం మానేశాడు, ఆ ఒక్క విషయంలో మాత్రం అందరికీ ఆకలి వేసింది.

ఎనిమిదో రోజు పొద్దున్న ఆవిడ కాగితాల కట్టతో మళ్లీ వచ్చింది. పెట్టుబడి పెడుతున్నామంది. మిగిలిన మాటలు ఎవరికీ వినబడలేదు. బావ బావమరిదిని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. ఫిట్టరమ్మ ఈసారి బల్లకిందికి వెళ్లకుండా నవ్వింది, రేకులమీది పావురాలన్నీ లేచిపోయాయి. గోల కాస్త తగ్గాక ఆవిడ చెప్పింది. "ఒక షరతు. కంపెనీ నడిపే బృందంలో మూడో మనిషి కావాలి. చైర్మన్ గారు కాదు. ఆవిడ." వేలు కిటికీ వైపు. "పెద్ద నిర్ణయం మీద మూడు సంతకాలుండాలి. స్లైడులో ఆవిడ ఫొటో కింద, మూతపడ్డ మూడు కంపెనీల పేర్లూ రాయాలి. అదే ఆవిడ అనుభవం."

పిన్నికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, "కాగితాలు ఇటివ్వండమ్మా," అంది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకి లేదు.

ఒక్కో పేజీ వేలు పెట్టి చదివింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. తొమ్మిదో పేజీలో వేలు ఆగింది. "యజమానుల మధ్య ఏకాభిప్రాయం లేనప్పుడు పెట్టుబడి సంస్థ నిర్ణయమే అంతిమం," అని పైకి చదివి, కాగితం బల్లమీద పెట్టేసింది. "ఇది కుదరదమ్మా."

బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. "పిన్నీ..." అన్నాడు. ఆ పిలుపులో పధ్నాలుగు మంది జీతాలూ ఉన్నాయి. ఆమెకి తెలియదా? నాలుగో కంపెనీ ఇప్పుడు ఆమె చూపుడువేలి కింద ఉంది. వేలు తీసేసి సంతకం పెడితే బతుకుతుంది. అయినా ఆమె వేలు తియ్యలేదు.

"ఇది మేము ప్రతిచోటా పెట్టే షరతే," అంది ఆవిడ. గొంతు గట్టిపడింది. "ఇది లేకుండా మా వాళ్లు ఒప్పుకోరు."

"అయితే రండి, కిటికీ దగ్గర తేల్చుకుందాం. నేనెందుకు వద్దంటున్నానో మీరు చెప్పండి."

ఆవిడని అలా ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. రుసరుసలాడుతూనే మోచేతులు కిటికీలో పెట్టింది. "మీకు... మా పెత్తనం ఇష్టం లేదు."

"అది కాదు."

"బయటివాళ్లకి పెట్టెల సంగతి తెలియదని."

"అదీ కాదు."

ఆవిడ ఇద్దరు యజమానుల వైపూ చూసింది. "తీర్పు చెప్పేవాళ్లు బయట ఉన్నారని తెలిస్తే," అంది మెల్లగా, "వీళ్లిద్దరూ ఇక్కడ చెమటలు కక్కేలా వాదించుకోరు. ఎవరికి వాళ్లు మా దగ్గరికొచ్చి చాడీలు చెప్తారు."

"అవును, నేననేది అదే," అంది పిన్ని. "ఇప్పుడు మీ మాట. డబ్బు మీ సొంతం కాదు. ఎవరో మిమ్మల్ని నమ్మి ఇచ్చారు. ఇక్కడ నెలల తరబడి ఏదీ తేలకపోతే రేపు వాళ్లు మిమ్మల్నే నిలదీస్తారు. అప్పుడు 'నాకేం తెలుసు, ఆ కిటికీ పిన్ని ఒప్పుకోలేదు' అని మీరు చెప్పలేరు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. "అదే. సరిగ్గా అదే."

ఇద్దరూ కలిసి ఆ వాక్యం కొట్టేసి, మార్జిన్లో కొత్తది రాశారు. కిటికీ దగ్గర ఒకరి మాట ఒకరు చెప్పుకుని, పది రోజులైనా తేలకపోతేనే సంస్థ నోరు విప్పాలి. కింద ముగ్గురూ సంతకం పెట్టారు, పక్కన ఆవిడ పెట్టింది. ఆవిడ కారు వీధి మలుపు తిరిగే లోపే బావా బావమరుదులు మొదటి లారీ ఏ రోజు పంపాలన్నదాని మీద అరుచుకోవడం మొదలెట్టారు.

మధ్యాహ్నం, అరుపులు కాస్త సద్దుమణిగాక, బావమరిది ఒక్కడే కిటికీ దగ్గరికొచ్చాడు.

"పిన్నీ, ఆవిడ కాగితాలు తీసుకుని వెళ్లిపోయి ఉంటే?"

"మూతపడేవాళ్లం."

"భయమెయ్యలేదా మీకు?"

"ఎందుకెయ్యదు బాబూ, చేతులు చల్లబడిపోయాయి," అంది పిన్ని. మొదటి లారీ చీటీ అతని ముందుకి తోసింది. "కానీ ఈసారి చెప్పి మూతపడేదాన్ని. ఇక్కడ సంతకం పెట్టు."